కరేబియన్ వైద్య కళాశాలలు: చేరేముందు అడగవలసిన లెక్క

(వైద్యవిద్య గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మేము ఇరవై రెండేళ్లుగా టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటున్నాము. మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు, బయాలజీలో డిగ్రీ పూర్తి చేశాడు. జీపీఏ 3.1 వచ్చింది. ఇక్కడి వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో మొదటిసారి 496, రెండవసారి 500 వచ్చాయి. నిరుడు పదిహేడు ఎండీ (ఇక్కడ డాక్టరయ్యే మొదటి డిగ్రీయే ఎండీ) కళాశాలలకు దరఖాస్తు చేస్తే ఒక్కచోటు నుంచి కూడా ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. ఇప్పుడు కరేబియన్‌లోని ఒక వైద్య కళాశాల సీటు ఇస్తామని రాసింది. జనవరిలో చేరాలట, మూడు వారాల్లోగా డబ్బు కట్టాలట. మావారు "ఇంటి మీద అప్పు తెద్దాం, పిల్లవాడికి ఏడాది వృథా చేయడం ఎందుకు" అంటున్నారు. నాకు మాత్రం ధైర్యం చాలడం లేదు. మార్కుల పత్రాలు జతచేస్తున్నాను. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, ప్లేనో

జవాబు: అమ్మా, మీరు పంపిన పత్రాలను రెండుసార్లు చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పి, తరువాత కారణాలు రాస్తాను. ఈ జనవరిలో మీ అబ్బాయిని పంపవద్దు. డాక్టరు కావాలన్న ఆశను మాత్రం వదులుకోనివ్వవద్దు.

మొదట ఆ కళాశాలల సంగతి. కరేబియన్ అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లలో వైద్యం బోధించే వెస్టిండీస్ విశ్వవిద్యాలయం ఆ దీవుల పిల్లల కోసం పుట్టినది, 1948 నుంచి నడుస్తున్నది. మీకు ఉత్తరం రాసినది ఆ కోవలోనిది కాదు. అమెరికాలో సీటు రాని అమెరికా విద్యార్థుల కోసమే దీవుల్లో వెలసిన ప్రైవేటు కళాశాలలు వేరే ఉన్నాయి. గ్రెనడాలో సెయింట్ జార్జెస్ 1977లో తరగతులు మొదలుపెట్టింది. 1978లో డొమినికాలో రాస్, మాంట్‌సెరాట్‌లో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ది కరేబియన్ వచ్చాయి. తరువాత సాబా దీవిలో ఒకటి వచ్చింది, ఆ పైన చిన్నాపెద్దా మరెన్నో వచ్చాయి. ముందు చెప్పిన నాలుగింటినుంచీ వేల మంది అమెరికాలో వైద్యులుగా స్థిరపడ్డారు. నేను పనిచేసిన ఆసుపత్రుల్లో అలాంటివారు నాకు సహోద్యోగులు, ఇద్దరు నాకు పై అధికారులు కూడా. వాళ్ల వైద్యంలో నేను లోటు చూడలేదు. కనుక ఆ డిగ్రీకి విలువ లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే నాకు కనిపించినవాళ్లు గట్టెక్కినవాళ్లు. గట్టెక్కనివాళ్లు ఆసుపత్రిలో కనిపించరు కదా. మీరు తెలుసుకోవలసినది వాళ్ల సంఖ్య. ఏ కళాశాల కరపత్రంలోనైనా పెద్ద అక్షరాలతో అచ్చు వేయని సంఖ్య అదే.

ఆ చదువు నడిచే తీరు చెబితే ఈ మాట అర్థమవుతుంది. ఏడాదికి రెండు మూడు దఫాలుగా విద్యార్థులను చేర్చుకుంటారు. మొదటి రెండేళ్లలోపు దీవిలో అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ వంటి మూల పాఠాలు ఉంటాయి. ఆ తరువాత అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలో మొదటి అంచె అయిన స్టెప్ 1. అది గట్టెక్కితే అమెరికా ఆసుపత్రుల్లో రెండేళ్ల క్లినికల్ రొటేషన్లు, స్టెప్ 2, ఆపైన రెసిడెన్సీ (డిగ్రీ తరువాత ఆసుపత్రిలో పొందే శిక్షణ) కోసం మ్యాచ్, అంటే ఆ సీట్లను కేటాయించే దేశవ్యాప్త ఎంపిక. ఇందులో బయటివారికి తెలియని ఒక గడప ఉంది. చాలా కళాశాలలు స్టెప్ 1కు కూర్చోవాలంటే ముందుగా తాము పెట్టే సమగ్ర పరీక్షలో నిర్ణీత మార్కు రావాలంటాయి. రాకపోతే స్టెప్ 1 రాయనివ్వరు. మళ్లీ చదవమంటారు, మళ్లీ రాయమంటారు, కొన్నిసార్లయ్యాక పేరు తీసేస్తారు. అంటే "మా విద్యార్థుల్లో స్టెప్ 1 మొదటిసారే గట్టెక్కినవారు ఇంత శాతం" అని ప్రకటించే అంకెలో ఆ గడప దగ్గరే ఆగిపోయినవారు ఉండరు, మొదటి ఏడాదిలోనే ఇంటిదారి పట్టినవారూ ఉండరు. మ్యాచ్ శాతం అంతకన్నా చిక్కని వడపోత. అన్నీ దాటుకొని చివరిదాకా వచ్చినవారిని మాత్రమే అందులో లెక్కిస్తారు.

ఒక ఊహ లెక్క వేసి చూడండి. వందమంది చేరారనుకుందాం. దారిలో ముప్పైమంది ఆగిపోయారు. మిగిలిన డెబ్బైమందిలో అరవైమందికి రెసిడెన్సీ దొరికింది. కళాశాల ఎనభై అయిదు శాతానికి పైగా అని రాసుకుంటుంది. అది అబద్ధం కాదు. కానీ అప్పు పత్రం మీద సంతకం పెట్టే రోజున మీ అబ్బాయి డెబ్బైమందిలో ఒకడు కాడు, వందమందిలో ఒకడు. మీకు వర్తించేది అరవై శాతం.

అబద్ధమే రాసిన సందర్భాలు కూడా లేకపోలేదు. 2022 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సెయింట్ జేమ్స్ అనే కరేబియన్ కళాశాలపై చర్య తీసుకుంది. తమ విద్యార్థుల్లో 96.77 శాతం మంది మొదటిసారే స్టెప్ 1 గట్టెక్కుతున్నారని ఆ కళాశాల ప్రచారం చేసుకోగా, 2017 నుంచి చూస్తే కావలసిన పాఠాలు పూర్తిచేసినవారిలో ఆ పరీక్ష గట్టెక్కినవారు 35 శాతమేనని కమిషన్ ఆరోపించింది. వ్యవహారం 12 లక్షల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. మీకు ఉత్తరం రాసిన కళాశాల అలాంటిదని నేను అనడం లేదు. శాతం గుర్తుకు ముందున్న అంకె ఎవరిని లెక్కపెట్టగా వచ్చిందో అడగకుండా నమ్మకూడదని మాత్రమే అంటున్నాను.

కాబట్టి మీ అబ్బాయి చేతనే ఆ కళాశాలకు ఒక ఉత్తరం రాయించండి. అయిదారేళ్ల కిందట ఫలానా జనవరిలో చేరిన తరగతిలో మొదటి రోజున ఎంతమంది ఉన్నారు? వారిలో ఎందరు ఆలస్యం లేకుండా స్టెప్ 1 రాశారు? ఎందరికి డిగ్రీ వచ్చింది? ఎందరికి మొదటి ప్రయత్నంలోనే రెసిడెన్సీ దొరికింది, అందులో ఒక్క ఏడాదికి మాత్రమే పనికివచ్చే ప్రిలిమినరీ సీట్లు ఎన్ని? రొటేషన్లు ఏ ఆసుపత్రుల్లో జరుగుతాయి, అన్నీ ఒక ఊళ్లోనేనా, లేక ఆరు వారాలకొకసారి సూటుకేసు సర్దుకొని మరో రాష్ట్రానికి వెళ్లాలా? సూటిగా సంఖ్యలు రాసి పంపే కళాశాలతో మాట్లాడవచ్చు. సంఖ్యలు అడిగితే సముద్రతీరం ఫొటోలు పంపించి, గడువు దగ్గరపడుతున్నదని ఫోన్లు చేసే కళాశాలకు దూరంగా ఉండండి.

మొత్తం మీద మ్యాచ్ పరిస్థితి ఇలా ఉంది. 2025లో అమెరికా ఎండీ కళాశాలల చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం మందికి, డీఓ (ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ) విద్యార్థుల్లో 92.6 శాతం మందికి రెసిడెన్సీ దొరికింది. విదేశీ కళాశాలల్లో చదివిన అమెరికా పౌరుల్లో దొరికినది దాదాపు 68 శాతానికే. ఆ మూడవ వరుసలో చేరబోయేది మీ అబ్బాయి. దొరికిన సీట్లు కూడా ఎక్కువగా ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పిల్లల వైద్యం, మానసిక వైద్యం వంటి శాఖల్లో ఉంటాయి. అవి మంచి శాఖలే, నేను చేస్తున్నదీ ఇంటర్నల్ మెడిసినే. అయితే ఎముకల సర్జన్ కావాలని, చర్మవైద్యుడు కావాలని కలలు కంటున్న పిల్లవాడైతే ఈ సంగతి ఇప్పుడే వినాలి. 2022 జనవరి నుంచి స్టెప్ 1కు మార్కులు ఇవ్వడం మానేసి, ఉత్తీర్ణుడా కాదా అని మాత్రమే చెబుతున్నారు. వెనకటికి దీవుల్లో చదివిన పిల్లలు అందులో గొప్ప మార్కు తెచ్చుకొని, కళాశాల పేరును మరిపించగలిగేవారు. ఆ అవకాశం ఇప్పుడు స్టెప్ 2 ఒక్కదానిపైనే మిగిలింది.

ఇక మీరు పంపిన మార్కులు. జీపీఏ 3.1 అన్న ఒక్క ముక్క చూసి నేను నిర్ణయానికి రాను. మొదటి రెండేళ్లలో కెమిస్ట్రీలో సి, ఆర్గానిక్ కెమిస్ట్రీలో మళ్లీ సి, ఫిజిక్స్ మధ్యలో వదిలేసినట్లు డబ్ల్యూ ఉన్నాయి. చివరి ఏడాదిలో ఫిజియాలజీలో ఏ మైనస్, బయోకెమిస్ట్రీలో బి ప్లస్ ఉన్నాయి. అంటే పిల్లవాడు కుదురుకుంటున్నాడు. ఎంక్యాట్ పత్రంలో సైన్సు భాగాలు రెండింటిలో, మనస్తత్వశాస్త్రంలో 126 చొప్పున వచ్చాయి. పొడుగాటి వ్యాసం చదివి ప్రశ్నలకు జవాబులు రాసే భాగంలో 122 దగ్గర ఆగిపోయాడు. ఇది తెలివి తక్కువై వచ్చిన మార్కు కాదు. వేగంగా, నిలకడగా చదివే అలవాటు లేక వచ్చినది. ఆ లోపం సరిదిద్దకుండా దీవికి వెళితే, ఒక్క రోజులో 280 దాకా ప్రశ్నలు, అవీ పేరాలకు పేరాలుగా ఉండేవి, చదివి తేల్చవలసిన స్టెప్ 1 దగ్గర అదే లోపం మళ్లీ ఎదురవుతుంది. అప్పటికి నెత్తిన లక్ష డాలర్లకు పైగా అప్పు కూడా ఉంటుంది. నేను ఈ జనవరిలో వద్దనడానికి అసలు కారణం ఇదే.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పదిహేడు ఎండీ కళాశాలలకు దరఖాస్తు చేసి ఒక్క డీఓ కళాశాలకైనా ఎందుకు చేయలేదు? మన తెలుగువారిలో చాలామందికి డీఓ అంటే ఏదో రెండవ రకం డాక్టరన్న అభిప్రాయం ఉంది. పెళ్లిళ్లలో, పండుగల్లో నలుగురూ కలిసినచోట "ఎండీ కాదా?" అని అడుగుతారన్న బెంగ కూడా ఉంది. అమెరికాలో డీఓ పూర్తి వైద్యుడు, శస్త్రచికిత్స చేస్తాడు, అన్ని రాష్ట్రాల్లోనూ లైసెన్సు పొందుతాడు. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీల గుర్తింపు వ్యవస్థ ఒక్కటే. దీవి నుంచి వచ్చే ఎండీ అన్న రెండక్షరాల కోసం, ఇంట్లో నుంచి కారులో వెళ్లి చదువుకోగల డీఓ సీటును కాదనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. పైగా మీరు టెక్సాస్ నివాసులు. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కనీసం 90 శాతం సీట్లు రాష్ట్రవాసులకే ఇవ్వాలన్న నియమం ఉంది, ఫీజులు కూడా దేశంలో బాగా తక్కువగా ఉన్నవాటిలో చేరుతాయి. ఫోర్ట్ వర్త్‌లోని డీఓ కళాశాల అటువంటి ప్రభుత్వ సంస్థే.

ఈ మార్కులతో అక్కడ కూడా ఇప్పటికిప్పుడు సీటు రాదు. ఎండీలో చేరేవారి సగటు జీపీఏ 3.8 చుట్టుపక్కల, ఎంక్యాట్ 511 పైన ఉంటున్నాయి. డీఓలో అవి సుమారు 3.6, 504. మీ అబ్బాయి ఆ రెండవ గీతకు మరీ దూరంలో లేడు. ఏడాదిన్నర సమయం తీసుకోమనండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ మళ్లీ చదివి ఏ తెచ్చుకోవాలి. వీలైతే వైద్య కళాశాలలు నడిపే ఏడాది మాస్టర్స్ కోర్సులో చేరాలి. అక్కడ మొదటి ఏడాది వైద్య విద్యార్థుల పాఠాలే చెబుతారు కనుక ఆ భారం మోయగలడో లేడో దీవికి వెళ్లకుండానే తేలిపోతుంది. ఎంక్యాట్ ఏడాదిలో మూడుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు రాయవచ్చు. ఇప్పటికి రెండే అయ్యాయి. అయితే రోజూ గంటసేపు బరువైన ఆంగ్ల వ్యాసాలు చదివే అలవాటు ఆరు నెలలు సాగాకే మూడవసారికి పేరు ఇవ్వాలి.

డబ్బు సంగతి మీవారికి విడిగా చెప్పండి. పెద్ద కళాశాలల్లో ఫీజు ఒక్కటే మొత్తం రెండున్నర లక్షల డాలర్లు దాటుతుంది, దీవిలో అద్దె, తిండి, విమానం చార్జీలు వేరు. ఇన్నాళ్లూ గుర్తింపు ఉన్న కొన్ని విదేశీ కళాశాలల్లో అమెరికా పౌరులకు ఫెడరల్ రుణం పూర్తి ఖర్చుకు దొరికేది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి పూర్తి ఖర్చుకు దొరికే ఆ గ్రాడ్ ప్లస్ రుణం లేదు. వృత్తివిద్యకు ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు దాటకూడదు. మిగిలినది ప్రైవేటు అప్పు, దానికి తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. ఇంటి మీద తెచ్చిన అప్పుకైతే పిల్లవాడు మధ్యలో ఆగిపోయినా వాయిదా ఆగదు. మీవారు ఏడాది వృథా అవుతుందంటున్నారు. దీవిలో రెండు సెమిస్టర్లు తప్పి తిరిగివస్తే పోయేది రెండేళ్లు, పైగా ఆ ట్రాన్స్‌క్రిప్టును తరువాత ప్రతి కళాశాలకూ చూపించవలసి ఉంటుంది.

ఇంత చేసి, రెండేళ్ల తరువాత డీఓలకు కూడా దరఖాస్తు చేసి, అప్పటికీ సీటు రాకపోతే, చదువు బాగా కుదురుకున్నదని మార్కులే చెబుతూ ఉంటే, సొంత రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టరుగా బతకడం పిల్లవాడికి ఇష్టమైతే, అప్పుడు పైన చెప్పిన నాలుగు కళాశాలల గురించి మళ్లీ నాకు రాయండి. అప్పుడు వెళ్లమనే చెబుతాను.

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి నీట్‌లో అర్హత మార్కులు వచ్చాయి కానీ ఎక్కడా సీటు రాలేదు. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీవారు కరేబియన్ దీవిలో చదివితే రెండేళ్లు అక్కడ, రెండేళ్లు అమెరికా ఆసుపత్రుల్లో, ఇష్టమైతే అమెరికాలో ఉండవచ్చు, కాదంటే ఇండియా వచ్చి ప్రాక్టీసు పెట్టుకోవచ్చు అంటున్నారు. నమ్మవచ్చా?
— ఒక తండ్రి

జవాబు: రెండు దారులూ తెరిచే ఉంటాయన్న ఆ మాటే నమ్మకూడనిది. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ చదువు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. మొదటినుంచి చివరిదాకా, ఇంటర్న్‌షిప్‌తో సహా, అంతా ఒకే విదేశీ సంస్థలో జరగాలి. డిగ్రీ ఇచ్చిన దేశంలో ఆ దేశపు పౌరుడితో సమానంగా వైద్యం చేసే లైసెన్సుకు అర్హత రావాలి. తిరిగివచ్చాక ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో వైద్యం చదివినవారికి పెట్టే అర్హత పరీక్ష) రాసి, ఇండియాలో మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. సగం దీవిలో, సగం అమెరికాలో అన్న నాలుగేళ్ల చదువు ఈ నిబంధనల్లో ఎక్కడ ఇముడుతుందో కన్సల్టెన్సీవారినే అడిగి, జవాబు కాగితం మీద రాయించి సంతకం పెట్టమనండి. ఎఫ్‌ఎంజీఈ 300 మార్కుల పరీక్ష, 150 రావాలి. ఇటీవలి పరీక్షల్లో నలుగురైదుగురు రాస్తే గట్టెక్కినది దాదాపు ఒక్కరే.

అమెరికా దారి మీ అమ్మాయికి ఇంకా ఇరుకు. పౌరసత్వం లేదు కనుక ఫెడరల్ రుణం రాదు, రొటేషన్లకు వీసా కావాలి, రెసిడెన్సీకి మళ్లీ వీసా కావాలి. 2025 మ్యాచ్‌లో అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో సీటు దొరికినది సుమారు 58 శాతానికి, అదీ అన్ని పరీక్షలూ గట్టెక్కి పోటీలో నిలిచినవారిలో. 2025లోనే కరేబియన్ తీరంలోని బెలీజ్ దేశపు మూడు కళాశాలల్లో చేరవద్దని మన వైద్య కమిషన్ హెచ్చరించింది. ఆ కన్సల్టెన్సీవారి జాబితాలో అటువంటివి ఉన్నాయేమో కమిషన్ ప్రకటనలతో సరిచూసుకోండి. అమ్మాయి వయసెంతో మీరు రాయలేదు. పద్దెనిమిదో పందొమ్మిదో అయితే నీట్‌కు మరో ఏడాది గట్టిగా చదివించడం, లేదా బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మ్‌-డి వంటి కోర్సుల్లో ఆమెకు నచ్చినది చూడడం ఈ సాహసం కన్నా మేలని నా నమ్మకం.

ప్రశ్న: నేను కరేబియన్‌లో మూడవ సెమిస్టరు చదువుతున్నాను. అమెరికా పౌరురాలిని. రెండు సబ్జెక్టులు తప్పాను, ప్రొబేషన్‌లో పెట్టారు. ఈ సెమిస్టరు కూడా కష్టంగానే ఉంది. ఇంట్లో అంతా బాగుందని చెబుతున్నాను. నాన్నగారు రెండు ఉద్యోగాలు చేస్తున్నారు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తల్లీ, ఈ ఆదివారమే చెప్పు. ముందు అమ్మకు, తరువాత ఇద్దరూ కలిసి నాన్నగారికి. మార్కులు తప్పినందుకు వాళ్లు బాధపడతారు, కానీ ఇన్నాళ్లూ ఒంటరిగా ఏడ్చావన్నందుకు ఎక్కువ బాధపడతారు. రాత్రుళ్లు నిద్ర లేకపోయినా, బతకడం ఎందుకనే ఆలోచన వచ్చినా ఆదివారం దాకా ఆగవద్దు. ఈ రోజే ఇంటికి ఫోన్ చెయ్యి, కళాశాల కౌన్సెలర్ దగ్గరకు వెళ్లు.

చెప్పే ముందు కొన్ని సంగతులు కాగితం మీద రాసిపెట్టుకో. కళాశాల నిబంధనల పుస్తకంలో ఎన్నిసార్లు తప్పితే పేరు తీసేస్తారో చూడు. వాళ్లు తీసేస్తే ట్రాన్స్‌క్రిప్టులో ఒక మాట ఉంటుంది, నువ్వే విరమించుకుంటే మరో మాట ఉంటుంది. రేపు ఏ కోర్సుకు దరఖాస్తు చేసినా ఆ తేడా నీకు ముఖ్యం. ఫెడరల్ రుణం తీసుకుని ఉంటే, సెమిస్టరులో 60 శాతం గడవకముందే విరమించుకున్నప్పుడు వాడని రుణంలో కొంత భాగం వెనక్కి వెళుతుంది, ఆ తేదీ దాటితే వెళ్లదు. ఆ తేదీ ఏదో ఆర్థిక సహాయ కార్యాలయంలో రేపే కనుక్కో. చదువు విడిచిన ఆరు నెలల తరువాత వాయిదాలు మొదలవుతాయి, ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతికి ముందుగానే అర్జీ పెట్టుకోవచ్చు. పూర్తిగా మానకుండా ఒక సెమిస్టరు సెలవు ఇస్తారేమో కూడా అడుగు. అమెరికా ఎండీ కళాశాలకు బదిలీ అవుతుందని ఎవరైనా ఆశపెడితే దాని మీద ఆధారపడవద్దు, అది అతి అరుదు.

తప్పిన రెండు సబ్జెక్టులు ఏవో, ఎన్ని మార్కుల్లో తప్పావో నువ్వు రాయలేదు. అవి రాసి పంపు. అమ్మానాన్నలతో మాట్లాడిన తరువాత పంపితే చాలు. ఆగాలో, కొనసాగాలో అప్పుడు ముగ్గురినీ దృష్టిలో పెట్టుకొని జవాబు రాస్తాను.